అడక్కుండా తీసిన ఫోటోలు

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా వీధి కుర్రాడొకడు వచ్చి, "ఆంటీ, ఇది చూశారా? తెగ నవ్వొస్తుంది" అంటూ సెల్‌ఫోను నా చేతిలో పెట్టాడు. నలభై సెకన్ల వీడియో. ఏదో ఊరి బస్టాండు. నడివయసు ఆవిడ, జుట్టు విరబోసుకుని, మనకి కనిపించని వాళ్ళెవర్నో తిడుతోంది. మధ్యలో పాట. మధ్యలో ఏడుపు. చుట్టూ నవ్వులు. తీస్తున్నవాడు "ఇంకోసారి పాడమ్మా" అని ఉసిగొలుపుతున్నాడు. ఆఖర్న ఆవిడకి ఫోను సంగతి అర్థమైంది. చటుక్కున కొంగు లాగి ముఖానికి కప్పుకుంది. వీడియో అక్కడితో అయిపోయింది.

మతి లేదని అందరూ అనుకుంటున్న మనిషికి, తన ముఖాన్ని ఎవరో పట్టుకుపోతున్నారని మాత్రం తెలిసింది!

పక్కనుంచి మా అత్తగారు కూడా చూశారు. "ఎవరి కన్నబిడ్డో పాపం" అని కాసేపు ఊరుకుని, "మా పెద్దొదినే నయం. దాన్ని ఎవరూ చూడకుండా కత్తిరించేశారు" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆవిడే లేచి వెళ్ళి బీరువాలోంచి తన పెళ్ళి ఫోటో తెచ్చారు. దాదాపు యాభై ఏళ్ళనాటిది. కుర్చీల్లో పెద్దలు, వెనక వరసలో కుర్రకారు, కింద చాప మీద పిల్లలు. ఎడమవైపు చివర మాత్రం ఫోటో తిన్నగా లేదు. కత్తెర పడింది. కుర్చీ చెయ్యి మీద, గాజులున్న ఒక చెయ్యి మాత్రం మిగిలింది.

ఆ చెయ్యి మా వారి మేనత్తగారిది. రెండో కాన్పు తర్వాత బిడ్డని గుర్తుపట్టలేదట. బాలింత వాతం అన్నారు, గాలి అన్నారు, తాయెత్తులు కట్టారు. చివరికి విశాఖపట్నం తీసుకెళ్ళి ఆసుపత్రిలో చూపించారు. ఎనిమిది నెలలకి కోలుకుని వచ్చి, ఆ బిడ్డనే పెంచి, పెళ్ళి చేసి, మనవల్ని ఎత్తుకుని మరీ వెళ్ళిపోయారు. కానీ ఇంట్లో ఆడపిల్లలకి సంబంధాలు చూస్తున్న రోజుల్లో, పెళ్ళివారు గోడ మీద ఫోటో చూసి 'ఈవిడెవరు?' అని అడుగుతారన్న భయంతో ఎవరో కత్తెర పట్టుకున్నారు. మా వైపు 'వైజాగ్ పంపించాలి' అంటే ఏమిటో మీకు తెలుసుగా! వేళాకోళానికి అనేస్తాం. ఆ మాట పడ్డ ఇంటికి అది వేళాకోళం కాదు.

ఒక ముఖాన్ని పదిమందికీ చూపించి నవ్వడం, ఇంకో ముఖాన్ని లేకుండా చెయ్యడం. రెండింటిలోనూ ఆ మనిషిని అడిగినవాళ్ళు లేరు. మనసు బాగాలేని మనిషికీ, కెమెరాకీ మధ్య ఈ వ్యవహారం ఎప్పుడు మొదలైందా అని పుస్తకాలు తిరగేస్తే కథ నూట డెబ్భై ఏళ్ళ వెనక్కి వెళ్ళింది.

లండన్ డాక్టరుగారి కెమెరా

ఫోటో తీసే విద్య లోకానికి తెలిసింది 1839లో. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే ఆయన గాజు పలక మీద మందు పూసి, తడి ఆరకముందే ఫోటో తీసే పద్ధతి బయటపెట్టాడు. ఆయన స్నేహితుల్లో హ్యూ వెల్ష్ డైమండ్ అనే డాక్టరు ఉన్నారు. లండన్ దగ్గర సర్రే కౌంటీ పిచ్చాసుపత్రిలో ఆడవాళ్ళ విభాగానికి 1848 నుంచి 1858 దాకా ఆయనే పెద్ద. ఫోటోలంటే మహా సరదా. ఆ సరదా ఆసుపత్రిలోకి వచ్చింది.

డైమండ్ తీసిన ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. వెనక ఒక గుడ్డ తెర. ముందు కుర్చీలో ఒక స్త్రీ. కొందరు ఒళ్ళో చేతులు పెట్టుకుని, కొందరు దుప్పటి కప్పుకుని. ఒకావిడ తలమీద ఆకులూ పూల దండ ఉంటుంది. ఇంకొకావిడ చేతిలో ఒక పిట్ట. వింతగా, వికారంగా ఉంటాయనుకుంటాం కదా, అలా ఉండవు. అలిసిపోయిన మన పెద్దమ్మల్లా, పిన్నుల్లా ఉంటారు. అందుకే చూడడం కష్టం.

1856 మే నెలలో ఆయన రాయల్ సొసైటీలో ఒక వ్యాసం చదివారు. పిచ్చికి ఫోటో ఎందుకు పనికొస్తుందో అందులో చెప్పారు. ముఖంలో రోగం ఎలా కనిపిస్తుందో డాక్టర్లు చదువుకోవచ్చు. నయమై వెళ్ళిన మనిషి మళ్ళీ వస్తే గుర్తుపట్టొచ్చు. ఈ రెండూ డాక్టర్లకి పనికొచ్చేవి. మూడోది మాత్రం రోగికి. తన ఫోటో తనకే చూపిస్తే, అది అద్దంలా పనిచేసి మనసుని దారికి తెస్తుందని ఆయన నమ్మకం.

దానికి ఆయన చెప్పిన ఉదాహరణ నాకు భలే నచ్చింది. ఇరవై ఏళ్ళ అమ్మాయి. తాను మహారాణినని ఆమె భ్రమ. పని చెయ్యమంటే అది తన హోదాకి తక్కువ. ఇక్కడ రాణులమనుకునే వాళ్ళందరి ఫోటోలూ తీద్దామనుకుంటున్నానని డాక్టరుగారు అన్నారట. ఆమె మూతి విరిచి, వాళ్ళకి ఆ బిరుదులు ఎలా వచ్చాయని అడిగింది. నీలాగే వాళ్ళూ ఊహించుకున్నారని ఆయన అన్నారు. ఆమెకి కోపం వచ్చింది. వాళ్ళని చూస్తే జాలి, తాను మాత్రం పుట్టుకతోనే రాణినని తేల్చి చెప్పింది! తర్వాత తన ఫోటోలు తాను చూసుకుని నవ్వుకోవడం, వాటి గురించి పదేపదే మాట్లాడడం మొదలయింది. అక్కణ్ణుంచే ఆమె కోలుకుందనీ, పూర్తిగా నయమై ఇంటికి వెళ్ళేటప్పుడు తన పాత భ్రమలకి తానే నవ్వుకుందనీ ఆయన రాశారు.

ఫోటో వల్లే నయమైందో, లేక ఒక డాక్టరు పనిగట్టుకుని కూర్చుని ఆ పిల్లతో మాట్లాడినందువల్ల నయమైందో! నాకు రెండోదే అనిపిస్తుంది.

ఆయన ఫోటోలను ఇంకొక ప్రసిద్ధ డాక్టరు జాన్ కానలీ 1858లో ఒక వైద్య పత్రికలో వ్యాసాలకి వాడుకున్నారు. ఫోటోలను నేరుగా పత్రికలో అచ్చువెయ్యడం అప్పటికి కుదరదు కనుక, వాటిని చూసి రాతి అచ్చుకి బొమ్మలు గీయించారు. ఆ బొమ్మల్లో ఒకటి చూసి నేను ఆగిపోయాను. కాన్పు తర్వాత మతి చలించిన ఒక తల్లి. ఒకే మనిషివి నాలుగు బొమ్మలు, రోగం ముదిరినప్పటి నుంచి కోలుకున్నదాకా. అంటే మా ఇంట్లో కత్తెరకి బలైన జబ్బే. అక్కడ పత్రికలో అచ్చేసి, ఇది నయమవుతుంది చూడండి అని చెప్పారు. ఇక్కడ నయమయ్యాక కూడా కత్తిరించారు. ఈ విషయంలో నా ఓటు కానలీగారికే. కాకపోతే ఆ తల్లికి అందులో పేరు లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. సర్రే ఆసుపత్రి బీదవాళ్ళది. 1858లో డైమండ్ అది వదిలేసి, ట్వికెన్‌హామ్‌లో కలిగిన ఇంటి ఆడవాళ్ళ కోసం సొంత ఆసుపత్రి పెట్టుకున్నారు. ఆయన పేరు నిలబెట్టిన రోగుల ఫోటోలన్నీ మాత్రం బీదవాళ్ళ ఆసుపత్రిలో తీసినవే.

రెప్ప వెయ్యకండి!

మా చిన్నప్పుడు స్టూడియోకి వెళితే ఫోటోగ్రాఫరు గడ్డం పట్టుకుని తల తిప్పి, "కదలకండి... రెప్ప వెయ్యకండి... రెడీ" అనేవాడు. ఆ ఒక్క క్షణానికే మనం కొయ్యబొమ్మలమైపోయేవాళ్ళం. ఆ రోజుల్లో గాజు పలక మీద బొమ్మ పడాలంటే ఒక్కోసారి కొన్ని సెకన్లపాటు అలాగే ఉండాలి. మరి మూర్ఛ వచ్చి కొట్టుకుంటున్న మనిషి, ఏడుస్తున్న మనిషి, ఇటూ అటూ తిరుగుతున్న మనిషి కదలకుండా ఉంటుందా? కదిలితే ఫోటో అలుక్కుపోతుంది. కాబట్టి ఆ ఫోటోల్లో మనకి కనిపించేది కదలకుండా నిలబెట్టగలిగినది మాత్రమే. ఎవరో కూర్చోబెట్టారు. ఎవరో తెర కట్టారు. ఎవరో ఎటు చూడాలో చెప్పారు. ఇది గుర్తుపెట్టుకుని చూస్తే ఆ ముఖాల్లో ఉన్నది రోగమా, ఫోటో తీయించుకుంటున్న భయమా అన్న అనుమానం వస్తుంది.

పారిస్‌లో దుషెన్ అనే డాక్టరు ఈ ఇబ్బందికి ఒక ఉపాయం కనిపెట్టారు. ముఖానికి కరెంటు తీగలు ఆనించి ఒక్కో కండరాన్నీ బిగించి నవ్వు, భయం, బాధ తెప్పించి, అలా ఉండగా ఫోటో తీయించారు. ఆయన పుస్తకం 1862లో వచ్చింది. ఎక్కువ ఫోటోల్లో ఉన్నది పళ్ళూడిన ఒక ముసలాయన. ఆయన ముఖానికి స్పర్శ తక్కువ కనుక నొప్పి తెలియదన్నారు. 1872లో చార్లెస్ డార్విన్ మనుషుల, జంతువుల ముఖభావాల మీద రాసిన పుస్తకంలో ఈ ఫోటోల్లో కొన్నింటిని వాడుకున్నారు. కళ్ళు కూడా నవ్వితేనే నిజమైన నవ్వు అని దుషెన్ చెప్పిన మాట ఇప్పటికీ శాస్త్రంలో ఉంది. ఆ మాట మన అమ్మమ్మలకి కరెంటు లేకుండానే తెలుసనుకోండి!

ఆగస్టీన్ అనే పిల్ల

అసలు కథ పారిస్‌లోనే ఉంది, సాల్‌పెట్రియేర్ అనే ఆసుపత్రిలో. ఒకప్పుడు అది తుపాకిమందు తయారుచేసే చోటు. పదిహేడో శతాబ్దంలో దిక్కులేని ఆడవాళ్ళని, ముసలివాళ్ళని, మతి చెడినవాళ్ళని తెచ్చి పడేసే చోటయింది. 1862లో ఝాన్ మార్టిన్ షార్కో అక్కడ పెద్ద డాక్టరుగా చేరారు. నరాల వైద్యానికి ఆయన పితామహుడి లాంటివారు. ఇవాళ మన నరాల డాక్టర్లు చదివే ఎన్నో జబ్బుల్ని మొదట వేరుచేసి వివరించింది ఆయనే. ఆ గొప్పతనం కాదనలేం.

ఆ ఆసుపత్రిని ఆయన రోగాల సజీవ ప్రదర్శనశాలగా భావించారు. హిస్టీరియా అన్న జబ్బుని పట్టుకున్నారు. మన ఊళ్ళలో పూనకం, దయ్యం, గాలి అని రకరకాలుగా పిలిచేవాటిలో చాలాభాగం ఆ రోజుల్లో ఆ డబ్బాలోనే వేసేవారు. పెద్ద మూర్ఛకి నాలుగు దశలుంటాయని షార్కో చెప్పారు. ఆ దశల్ని చూపించడానికి ఫోటోలు కావాలి. ఆసుపత్రిలోనే మంచం, వేదిక, తెరలతో ఫోటోల ఏర్పాటు జరిగింది. బూర్నెవిల్ అనే డాక్టరు రాత, రెన్యార్ అనే ఆయన ఫోటోలు కలిపి 1876 నుంచి 1880 లోపు మూడు సంపుటాలు అచ్చువేశారు.

ఆ సంపుటాల్లో అందరికంటే ఎక్కువగా గుర్తుండిపోయేది ఆగస్టీన్. పూర్తి పేరు లూయీజ్ ఆగస్టీన్ గ్లేజ్. 1875 అక్టోబరులో ఆసుపత్రిలో చేరేనాటికి పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్ల. ఫోటోల్లో తెల్ల గౌనుతో మంచం మీద కూర్చుని, చేతులు జోడించి పైకి చూస్తూ ఉంటుంది. ఒకదాని కింద పారవశ్యం అని రాశారు. ఒకదాని కింద పిలుపు. ఒకదాని కింద ప్రేమ వేడుకోలు. పేర్లు చూస్తే నాటకం ఫోటోలనిపిస్తాయి.

కానీ బూర్నెవిల్ ఒక మేలు చేశారు. మూర్ఛలో ఆ పిల్ల ఏం మాట్లాడిందో అదీ రాసిపెట్టారు. ఆ రాత చదివితే ఫోటో కింద పేర్లు నిలబడవు. పదమూడేళ్ళప్పుడు, తన తల్లి పనిచేసే ఇంటి యజమాని ఆమెని కత్తి చూపించి బెదిరించి బలాత్కరించాడు. మూర్ఛ వచ్చినప్పుడల్లా ఆ మనిషితోనే ఆమె పోట్లాడుతోంది. వదలమంటోంది. డాక్టర్లు వాటిని మూర్ఛలో మూడో దశ అని నంబరు వేశారు. మాటలు పుస్తకంలో ఉన్నాయి, బొమ్మలూ పుస్తకంలో ఉన్నాయి. రెండింటినీ కలిపి, 'ఈ పిల్లకి జరిగినదాని వల్ల కదా ఇదంతా' అని నిలబడి అన్నవాళ్ళు మాత్రం లేకపోయారు. ఇంకోసారి షార్కో పాఠం చెబుతుండగా ఒక రోగి అమ్మా భయమేస్తోందని అరిస్తే, హిస్టీరియావాళ్ళు ఇలాగే అరుస్తారు, ఏమీ లేనిదానికి ఇంత గోల అని ఆయన విద్యార్థులకి చూపించారట. ఇది చదివిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇంట్లో ఏ ఆడపిల్లో ఏదో చెప్పబోతే, 'ఊరికే గోల చేస్తుంది' అని మనం అన్న సందర్భాలు గుర్తొచ్చాయి.

ఆగస్టీన్ ఒక దశలో కాస్త కుదుటపడింది. మళ్ళీ తిరగబెట్టింది. గదిలో పెట్టి తాళం వేశారు. 1880లో మగవాడి బట్టలు వేసుకుని ఆసుపత్రిలోంచి తప్పించుకుపోయింది! ఐదేళ్ళపాటు ఆమె ముఖాన్ని అన్ని కోణాల్లో తీశారు కదా, గేటు దగ్గర ఆ ముఖాన్ని ఎవరూ గుర్తుపట్టలేదు. మొదటిసారి చదివినప్పుడు చప్పట్లు కొట్టాలనిపించింది.

ఆమె తర్వాత ఆ వేదిక మీద ప్రసిద్ధురాలైంది బ్లాంష్ విట్‌మన్. 1887లో బ్రూయే అనే చిత్రకారుడు వేసిన పెద్ద పటంలో షార్కో పక్కన సోలిపోయి కనిపించేది ఆవిడే. ఎదురుగా కూర్చుని చూస్తున్నవాళ్ళంతా మగవాళ్ళు. 1893లో షార్కో పోయారు. ఆ తర్వాత హిస్టీరియా గురించి ఆయన చెప్పిన నాలుగు దశల సిద్ధాంతం నిలబడలేదు. చూసేవాళ్ళు ఏది ఆశిస్తే రోగులు అదే చూపించారని ఆయన శిష్యులే అన్నారు. బ్లాంష్ ఆ ఆసుపత్రిలోనే ఫోటోల గదిలో, ఆ తర్వాత ఎక్స్‌రే గదిలో పనికి కుదిరింది. ఎక్స్‌రే కిరణాల ప్రమాదం అప్పటికి తెలియదు. వాటివల్ల చేతులు పోగొట్టుకుని 1913లో చనిపోయింది.

గోడలు ఎవరికి?

ఇదే రోజుల్లో మన దగ్గర సంగతి చూడండి. 1892లో రాజా దీనదయాళ్ హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో పెట్టారు. ఎత్తు గోడలు, లోపల అంతా ఆడవాళ్ళే. ఫోటోలు తియ్యడానికి మిసెస్ కెనీ లెవిక్ అనే ఇంగ్లీషావిడ. నవాబుల ఇంటి ఆడవాళ్ళ ముఖం పరాయివాళ్ళ కంటపడకుండా అంత జాగ్రత్త! ముఖానికి మర్యాద ఉంటుందని ఆ కాలానికి తెలియక కాదు. ఎవరి ముఖానికి అన్నదే తేడా.

మా ఊరి పక్కనే ఇంకో కథ ఉంది. మా అక్విడక్టుకి పేరు పెట్టుకున్న లంకలగన్నవరం డొక్కా సీతమ్మగారిది. 1909లో కాలం చేసిన ఆ అన్నపూర్ణమ్మ ఫోటో మీరూ చూసే ఉంటారు. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం నాడు ఆవిడ ఫోటో పెట్టుకోవాలని దొరలు అడిగించారనీ, ఆవిడ వద్దన్నారనీ, ఫోటో పంపకపోతే మా ఉద్యోగాలు పోతాయమ్మా అని అధికార్లు బతిమాలితే అప్పుడు ఒప్పుకున్నారనీ మా వైపు చెప్పుకుంటారు. కథలో రాజుగారి సంగతి ఎంతవరకో గానీ, నాకు నచ్చేది ఆ మధ్య ముక్క. వద్దన్నారు. బతిమాలారు. ఒప్పుకున్నారు. సర్రేలో, పారిస్‌లో ఆ ముక్కే లేదు.

ఇప్పుడు డాక్టర్లు మారారు. వైద్యం కోసం, పాఠం కోసం ఫోటో తియ్యాలంటే రోగి చేత రాయించుకోవాలి. పూర్వం కళ్ళ మీద నల్ల పట్టీ వేసి అచ్చేసేవారు చూడండి, అది చాలదని వైద్య పత్రికలే అంటున్నాయి. నిజమే, చుట్టాలు గుర్తుపట్టడానికి కళ్ళే కావాలా? చట్టం కూడా వచ్చింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షను ప్రకారం, ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న మనిషి ఫోటో గానీ, వివరాలు గానీ ఆ మనిషి ఒప్పుకోకుండా పత్రికలకీ, టీవీలకీ ఇవ్వకూడదు. కంప్యూటర్లలో దాచిన వివరాలకీ ఇదే వర్తిస్తుంది. మంచి చట్టం. కానీ మాటలు జాగ్రత్తగా చదివితే, అది ఆసుపత్రిలో ఉన్న మనిషి గురించి. ఆసుపత్రి దాకా తీసుకెళ్ళే దిక్కు లేక బస్టాండులో తిరిగే ఆవిడ మాటేమిటి? ఆ రోజుల్లో కెమెరా డాక్టరు దగ్గరే ఉండేది. ఇప్పుడు అందరి జేబుల్లోనూ ఉంది. మూర్ఛని అందుకోలేని గాజు పలక కూడా కాదిది. ఏదైనా అందుకుంటుంది, ఏడుపుతో సహా.

ఈ కథలన్నీ మా వీధి కుర్రాడికి చెప్పాను. మంచి పిల్లాడే, శ్రద్ధగా విన్నాడు. ఆగస్టీన్ పారిపోయిందంటే నవ్వాడు. మా అత్తగారి పెళ్ళి ఫోటో చేతికిస్తే ఆ గాజుల చెయ్యి వంక చాలాసేపు చూశాడు. తర్వాత తనే ఫోను తీసి ఆ వీడియో చెరిపేశాడు.

"ఎవరికైనా పంపావా నాన్నా?" అన్నాను.

"ఆయ్, పొద్దున్నే పంపేశానండి. నాలుగు గ్రూపుల్లోకి" అన్నాడు. మళ్ళీ ఫోను మీద వేళ్ళు ఆడించి చూశాడు. "వాళ్ళు దించేసుకున్నారాంటీ. ఇక పోదు."